విండీ గైల్: చీవియట్ గడ్డి కొండలకి మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. న్యూకాజిల్‌లో ఉంటున్నారు. మీరిద్దరూ, తొమ్మిదేళ్ళ బాబు. ఇప్పటిదాకా పార్కుల్లో, సముద్రం ఒడ్డున తప్ప పెద్దగా నడవలేదు. అక్టోబరు స్కూలు సెలవుల్లో ఇంగ్లండ్, స్కాట్లాండ్ సరిహద్దు మీద ఉన్న గడ్డి కొండ ఒకటి ఎక్కాలని ఉంది, ఎవరో విండీ గైల్ పేరు చెప్పారు. కొత్తవాళ్ళం ఎక్కగలమా, దారి తప్పుతామా, పైన సరిహద్దు దాటితే ఇబ్బంది ఉంటుందా, ఏం వేసుకోవాలి అని అడిగారు.

ఎక్కగలరు. నిక్షేపంగా వెళ్ళండి. కాకపోతే మూడు షరతులు: మబ్బు కొండ మీదకి దిగని రోజు చూసుకోవాలి, ఎక్కిన దారినే దిగాలి, పొద్దున పదింటికల్లా నడక మొదలైపోవాలి. ఈ మూడూ కుదిరితే మామూలు ఆరోగ్యం ఉన్న పెద్దవాళ్ళకీ, చలాకీగా ఉండే పిల్లలకీ ఇంతకంటే మంచి మొదటి కొండ ఈ చుట్టుపక్కల నాకు తోచదు. మూడింట్లో ఏది కుదరకపోయినా వేరే చిన్న కొండ ఉంది, దాని సంగతి చివర్లో చెప్తాను.

నేను చాలా ఏళ్ళుగా ఈ చీవియట్ కొండల్లో అన్ని కాలాల్లోనూ నడుస్తున్నాను. కొత్తవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళడం కూడా అలవాటే. అందరూ ముందు అడిగేది "ఏటవాలు ఎక్కువా?" అని. అసలు విషయం అది కాదు. గడ్డి కొండ కాళ్ళని పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఇబ్బందంతా దిక్కు తెలియడం దగ్గరే. రాతి కొండ మీద ఒక బండో, లోయ అంచో గుర్తుండిపోతుంది. ఇక్కడ ఎటు చూసినా ఒకే రంగు గడ్డి, ఒకే రకం గుండ్రటి వీపు, ఒకదాని వెనక ఒకటి. ఎండ ఉన్నప్పుడు ఆ అందం చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. అదే కొండ మీదకి మబ్బు దిగితే, పది అడుగుల అవతల ఉన్నది కొండ కొమ్మో లోయో చెప్పడం కష్టం.

ఈ కొండలు ఇలా గుండ్రంగా ఉండడానికి కారణం ఉంది. దాదాపు 40 కోట్ల ఏళ్ళ కిందటి అగ్నిపర్వతాల లావా ఇది. మధ్యలో ఉన్న పెద్ద చీవియట్ కొండ, 815 మీటర్లు, గ్రానైట్. తర్వాత వచ్చిన మంచు యుగాలు వీటి అంచులన్నీ అరగదీసేశాయి. గడ్డి మాత్రం గొర్రెల చలవే. మధ్యయుగంలోనే న్యూమిన్‌స్టర్ మఠం సన్యాసులు ఈ పై లోయల్లో గొర్రెలు మేపించారు, ఇప్పటికీ ఇక్కడి రైతుల బతుకు గొర్రెలతోనే. అందుకే చెట్లు లేవు. చెట్లు లేవు కాబట్టి గాలికి అడ్డు లేదు. విండీ గైల్ మీద గాలికి పేరులోనే హామీ ఉంది.

దారి సంగతి

కారులో రాత్‌బరీ మీదుగా ఆల్విన్‌టన్ చేరతారు. అక్కడి నుంచి కోకెట్ నది పక్కనే సన్నటి రోడ్డు, ఒక్క బండి పట్టేంత వెడల్పు. ఎదురుగా బండి వస్తే ఆగడానికి అక్కడక్కడ చోటు వదిలి ఉంటుంది. ఆ చోట్లలో కారు పార్క్ చేయకండి, అవి రైతుల ట్రాక్టర్లకీ అంబులెన్సుకీ కావాలి. గొర్రెలు రోడ్డు మీదే పడుకుని ఉంటాయి, హారన్ కొట్టినా కదలవు. తొందర పడకుండా నడపండి. బస్సు మీద ఆశ పెట్టుకోవద్దు. ఆల్విన్‌టన్ దాటాక పెట్రోలు దొరకదు, ఫోన్ సిగ్నల్ కూడా చాలా చోట్ల ఉండదు. కాబట్టి మ్యాపులూ వాతావరణ సూచనా రాత్‌బరీలో ఉండగానే చూసేసుకోవాలి.

ఈ రోడ్డుకి దక్షిణంగా ఉన్నదంతా ఆటర్‌బర్న్ సైనిక శిక్షణ ప్రాంతం. 1911 నుంచి సైన్యం వాడుకుంటోంది. ఎర్ర జెండా ఎగురుతుంటే ఆ వైపు అడుగు పెట్టకూడదు, లోపల నిజమైన తుపాకులు పేలుతుంటాయి. మీరు ఎక్కేది నదికి ఉత్తరం వైపు, అక్కడ కాల్పులు ఉండవు. దూరంగా ఫిరంగి మోత వినపడితే బాబు భయపడకుండా ముందే చెప్పి ఉంచండి. నేల మీద ఇనుప వస్తువు ఏది కనిపించినా, ఎంత చిన్నదైనా, తాకనివ్వకండి.

బారోబర్న్ దగ్గర వెడర్ లీప్ అని కార్ పార్క్ ఉంది. ఇంకొంచెం పైకి వెళితే స్లైమ్‌ఫుట్ దగ్గర కూడా కొద్దిగా చోటు ఉంటుంది. స్లైమ్‌ఫుట్ నుంచే 'ద స్ట్రీట్' అనే పాత దారి మొదలవుతుంది. పేరు చూసి ఊరి వీధి అనుకోవద్దు. స్కాట్లాండ్ నుంచి పశువుల మందల్ని దక్షిణాది సంతలకి తోలుకెళ్ళిన బాట ఇది. దొంగచాటుగా కాచిన విస్కీ కూడా ఇలాంటి బాటల మీదే కొండలు దాటింది. మందలు నడిచిన దారి కాబట్టి కొండ వీపు మీదుగా పోతుంది, లోయల్లోకి దిగదు. బురద తక్కువ, చూపు ఎక్కువ దూరం పోతుంది. మొదటి ఇరవై నిమిషాలు మాత్రం నిటారుగా ఉండి ఊపిరి ఆడనివ్వదు. అక్కడే చాలామంది "ఇంతా ఇలాగే ఉంటుందా" అని నీరసపడతారు. ఉండదు. ఆ మొదటి గుట్ట ఎక్కేశాక వాలు బాగా తగ్గి, కబుర్లు చెప్పుకుంటూ నడిచేలా ఉంటుంది.

వీపు మీదుగా అలా వెళ్ళి వెళ్ళి ఒక తీగ కంచె దగ్గర తేలతారు. అదే సరిహద్దు. ఇంతేనా అనిపిస్తుంది, నిజంగా అంతే. కంచె అవతల స్కాట్లాండ్, ఇవతల ఇంగ్లండ్. అక్కడ కుడికి తిరిగితే పెన్నైన్ వే దారి కలుస్తుంది. ఈడేల్ నుంచి కర్క్ యెటమ్ దాకా 268 మైళ్ళ పొడవున్న కాలిబాట అది, 1965లో తెరిచారు. దాదాపు మొత్తం నడిచేసి చివరి రోజున ఉన్నవాళ్ళు ఇక్కడ మీకు ఎదురు కావచ్చు. వాళ్ళని పలకరించండి, బాబుకి అది బాగా గుర్తుంటుంది. ఆ దారి వెంట, కంచె పక్కనే, ఇంకో ముప్పావు గంట నడిస్తే 619 మీటర్ల విండీ గైల్ శిఖరం.

ఇలా వెళ్ళి ఇలాగే తిరిగొస్తే సుమారు 13 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు 400 మీటర్ల పైచిలుకు. దీనికి పాత లెక్క ఒకటి ఉంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన చెప్పింది: గంటకి ఐదు కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. ఆ ప్రకారం మీకు మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. కానీ అది ఆగకుండా నడిచే గట్టివాళ్ళ లెక్క. పిల్లవాడు, తిండి, ఫొటోలు, తడి నేల అన్నీ కలుపుకుని ఐదున్నర గంటలు అనుకోండి. అక్టోబరు సెలవుల్లో సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో సూర్యుడు అస్తమిస్తాడు. నెలాఖరు ఆదివారం గడియారాలు వెనక్కి జరిపాక నాలుగున్నరకే. పదింటికి బయలుదేరమన్నది అందుకే.

బాబు అలిసిపోతే సరిహద్దు కంచె దగ్గరే వెనక్కి తిరగండి. అక్కడికి చేరితే నడకలో పెద్ద భాగం అయిపోయినట్టే. ఒక కాలు ఇంగ్లండ్‌లో, ఒక కాలు స్కాట్లాండ్‌లో పెట్టి ఫొటో దిగాలన్న సరదా అక్కడే తీరిపోతుంది. శిఖరం కోసం పిల్లల్ని లాక్కెళ్ళిన తల్లిదండ్రుల్ని చూశాను. ఆ పిల్లలు మళ్ళీ కొండ పేరెత్తరు.

ఎక్కిన దారినే దిగమని ఎందుకంటున్నానంటే

పుస్తకాల్లో, యాప్‌లలో విండీ గైల్‌ని చుట్టుదారిగా చూపిస్తారు. శిఖరం నుంచి ఇంకా తూర్పుకి వెళ్ళి, హెక్స్‌పెత్‌గేట్ దగ్గర క్లెనెల్ స్ట్రీట్ అనే మరో పాత బాట పట్టుకుని దిగడం. చాలా బాగుంటుంది, రెండోసారి వెళ్ళినప్పుడు తప్పకుండా చేయండి. మొదటిసారి వద్దు. ఎక్కేటప్పుడు చూసిన నేల దిగేటప్పుడు మీకు తెలిసిన నేల అవుతుంది. ఎక్కడ తడి ఉందో, ఏ గేటు ఎటు తెరుచుకుంటుందో, ఎక్కడ వాలు ఎక్కువో కాళ్ళకి గుర్తుంటుంది. పైగా ఆ బాట అడవి ప్లాంటేషన్ల అంచుల్లోకి వెళ్ళాక దారులు చీలిపోతుంటాయి, మ్యాప్ అలవాటు లేనివాళ్ళు తికమక పడతారు.

ఒకసారి హెక్స్‌పెత్‌గేట్ దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు కనిపించారు. స్టూడెంట్స్. మా వైపు లోయలో కారు పెట్టి వచ్చారట. హుషారుగా కంచె గేటు దాటి ఉత్తరం వైపు దిగడం మొదలుపెట్టారు. దారి అంత బాగుంది మరి, వెడల్పుగా, పచ్చగా, ఎదురుగా లోయ కనిపిస్తూ. కేకేసి ఆపి, మీ కారు ఎక్కడుందని అడిగాను. బారోబర్న్ అన్నారు. వాళ్ళు దిగుతున్నది స్కాట్లాండ్ వైపున్న బౌమాంట్ లోయలోకి. అడుగుదాకా దిగేసి ఉంటే మళ్ళీ కొండంతా ఎక్కాల్సిందే. రోడ్డు మీద రావాలంటే కొండల వరసంతా చుట్టి రావాలి, సాయంత్రం పూట ఆ లోయలో టాక్సీ దొరకదు. ఈ కొండల్లో జరిగే పొరపాట్లలో ఎక్కువ ఇదే: పడిపోవడం కాదు, తప్పు వైపు దిగిపోవడం.

దీనికి విరుగుడు తేలికే. శిఖరం దగ్గర, ప్రతి గేటు దగ్గర, దిగడం మొదలుపెట్టేముందు ఒక్క నిమిషం ఆగండి. కాంపస్ తీసి చూడండి. మీ కారు దక్షిణం వైపు ఉంది. మీరు దిగేది దక్షిణం వైపేనా? కాంపస్ అంటే పెద్ద విద్య అనుకుంటారు గానీ ఈ కొండకి ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్తే చాలు. బాబు చేతికే ఇవ్వండి ఆ పని.

మబ్బు కమ్మితే

ముందు సంగతి, మబ్బు ఉందని తెలిసీ ఎక్కకండి. మెట్ ఆఫీస్ వాళ్ళ మామూలు ఊరి వాతావరణం చూస్తే సరిపోదు. కొండల కోసం విడిగా సూచన ఇస్తారు, మబ్బు ఎంత ఎత్తులో ఉంటుందో, పైన గాలి వేగం ఎంతో అందులో ఉంటుంది. మబ్బు అడుగు 600 మీటర్ల కంటే కిందుంటే ఆ రోజు వదిలేయండి. పైన గాలి గంటకి 40 మైళ్ళు దాటుతుందంటే కూడా వదిలేయండి. తొమ్మిదేళ్ళ పిల్లాడు ఆ గాలిలో నిలబడలేడు.

అయినా ఒక్కోసారి సూచన తప్పుతుంది. ఓ శరదృతువులో మేం నలుగురం శిఖరం మీద ఉండగా పశ్చిమం నుంచి మబ్బు వచ్చి కప్పేసింది. పక్కనున్న మనిషి మసగ్గా కనిపిస్తున్నాడు. మాతో వచ్చిన కొత్త ఆవిడకి బాగా టెన్షన్ వచ్చేసింది, వెంటనే దిగిపోదాం అంటుంది. అలాంటప్పుడు చేయకూడనిది అదే, కనిపించిన వాలులో దిగిపోవడం. మేం కంచె పట్టుకున్నాం. నిజంగానే చెయ్యి కంచె తీగకి ఆనించి, స్తంభం నుంచి స్తంభానికి నడిచాం. కంచె నిలువు రాటలు, పై తీగకి అంటుకున్న గొర్రె ఉన్ని పోగులు, తీగ మీద వరసగా నీటి బొట్లు, అంతవరకే ప్రపంచం. అలా నడుస్తూ ద స్ట్రీట్ కలిసే చోటికి వచ్చాం, అక్కడ ఎడమకి తిరిగి దిగిపోయాం. ఆవిడ ఆ తర్వాత మాతో చాలా కొండలు ఎక్కింది.

సరిహద్దు కంచె ఈ కొండలకి మెట్ల పక్కన చేపట్టు లాంటిది. కానీ ఒక జాగ్రత్త. రైతుల కంచెలు అడ్డంగా వచ్చి దీన్ని కలుస్తుంటాయి. మబ్బులో అలాంటి మూల దగ్గర ఏమరుపాటుగా ఉంటే వేరే కంచె పట్టుకుని కొండ కిందకి పోతారు. ప్రతి కంచె కలయిక దగ్గరా ఆగి మ్యాప్ చూడండి. ఆర్డినెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ ఓఎల్ 16 అన్న మ్యాప్ కొనండి, చీవియట్ కొండలన్నీ అందులో వస్తాయి, ప్రతి కంచె గీత గీసి ఉంటుంది. ఫోన్‌లో కూడా మ్యాప్ ఆఫ్‌లైన్‌గా దింపుకోండి, వద్దనను. కానీ చలికి ఫోన్ బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది, తడి వేళ్ళకి స్క్రీన్ పలకదు. కాగితం మ్యాప్ ప్లాస్టిక్ సంచిలో పెట్టి మెడలో వేసుకుంటే ఈ బాధలేవీ ఉండవు.

గడ్డిని చూసి నేల చెప్పొచ్చు

ఇది నేను అందరికంటే ఎక్కువ పట్టుబట్టి నేర్పించే విషయం, ఎందుకంటే మ్యాప్‌లో ఇది పూర్తిగా ఉండదు. దూరం నుంచి అంతా ఒకే గడ్డిలా కనిపిస్తుంది. దగ్గరికెళ్ళి చూస్తే కాదు.

పొట్టిగా, గొర్రెలు కొరికి చదును చేసినట్టున్న పచ్చిక అయితే కింద నేల గట్టిగా ఉంటుంది, ధైర్యంగా నడవండి. సూదుల్లా సన్నగా బిరుసుగా ఉండి, చలికాలానికి ఎండి తెల్లబడే గడ్డి కూడా పర్వాలేదు, కింద తడి పెద్దగా ఉండదు. గొర్రెలు దాన్ని ఇష్టంగా తినవు, అందుకే కొండల మీద అంతగా మిగిలిపోయింది. ముదురాకుపచ్చగా, గుండ్రటి కాడలతో, గుబురుగా నిటారుగా లేచేది రష్. మన చెరువు గట్ల తుంగలా ఉంటుంది. అది కనిపిస్తే కింద నీరున్నట్టే, చీలమండ దాకా దిగుతుంది. బంతుల్లా ఉబ్బిన గడ్డి దుబ్బులు, వాటి మధ్య గుంటలు ఉంటే అది ఊదారంగు మూర్ గడ్డి. కాలు మెలిపడేది అక్కడే. దుబ్బుల మీద అడుగులేస్తే ఊగుతాయి, మధ్యలో వేస్తే బురద. చుట్టి వెళ్ళడమే మంచిది. ఇక మెరిసే లేతాకుపచ్చ రంగులో, పరుపులా మెత్తగా కనిపించే నాచు అన్నిటికంటే అందంగా ఉంటుంది. దాని మీద కాలు పెట్టకండి. కింద ఎంత లోతుందో కర్రతో పొడిచి చూస్తే తెలుస్తుంది, కర్ర సగం దాకా దిగిపోవడం నేను చూపించినప్పుడు పిల్లలు నోరు తెరుస్తారు.

పెన్నైన్ వే మీద ఇలాంటి చోట్ల రాతి పలకలు పరిచి ఉన్నాయి. ఆ దారికి వాడిన పలకల్లో చాలా భాగం కూల్చేసిన పాత మిల్లుల నేలల నుంచి తెచ్చినవి. కొన్నిటిలో యంత్రాలు బిగించిన గుంతలు ఇప్పటికీ కనిపిస్తాయి. పలకలు ఉన్నచోట వాటి మీదే నడవండి. పక్కనున్న పీట్ నేల (సగం కుళ్ళిన మొక్కలు పేరుకున్న నల్ల నేల) పొర పెరగడానికి వేల ఏళ్ళు పట్టింది, వందల బూట్లు తొక్కితే ఒక వానాకాలానికే కొట్టుకుపోతుంది. పలకలు తడిసినా, మంచు పట్టినా మాత్రం గాజులా జారతాయి.

గడ్డి కూడా జారుతుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తడి గడ్డి వాలులో ఒకసారి జారితే ఆగడానికి ఏమీ దొరకదు. ద స్ట్రీట్ చివర్లో, కారు కనిపిస్తున్న ఆ నిటారు గుట్ట దగ్గరే ఎక్కువమంది పడతారు. అలిసిపోయి ఉంటారు, అయిపోయిందన్న ధీమాలో ఉంటారు. అక్కడ చిన్న అడుగులు వేయండి, మోకాళ్ళు కొంచెం వంచి ఉంచండి, నేరుగా కాకుండా అటూ ఇటూ ఏటవాలుగా దిగండి. బాబుని పరిగెత్తనివ్వద్దు, వాడు పరిగెత్తాలని చూసేది సరిగ్గా అక్కడే.

బట్టలు, సామాను

అందుకే బూట్ల అడుగు ముఖ్యం. లోతైన గాళ్ళున్న సోల్ కావాలి, చీలమండ పైదాకా ఉంటే ఇంకా మంచిది. అరిగిన స్పోర్ట్స్ షూస్‌తో తడి గడ్డి మీద దిగడం ప్రమాదం. ఖరీదైనవి కొననక్కర్లేదు, బాబుకైతే అసలే వద్దు, ఏడాదికి పాదం పెరిగిపోతుంది. జీన్స్ వేసుకోవద్దు. తడిస్తే బరువెక్కి, రోజంతా ఆరక, ఒంట్లో వేడంతా లాగేస్తాయి. వాన ఆపే జాకెట్, ప్యాంటు, ఒక ఫ్లీస్, టోపీ, గ్లవ్స్ ముగ్గురికీ ఉండాలి. న్యూకాజిల్‌లో ఎండ కాస్తున్నా సరే. వంద మీటర్ల ఎత్తుకి అర డిగ్రీ పైగా చల్లబడుతుంది, దాని మీద గాలి.

టార్చి ఒకటి తలకి కట్టుకునేది, ఈల ఒకటి, ఉండాల్సిన దానికంటే ఒక పూట ఎక్కువ తిండి. ఆపదలో సాయం కోసం ఈల నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరుసార్లు ఊదాలి. అవసరం పడితే 999కి చేసి ముందు పోలీస్ అని, తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. వచ్చేవాళ్ళు జీతం లేని వాలంటీర్లు, డబ్బు అడగరు. కాబట్టి నిజంగా అవసరమైతే మొహమాటపడి ఆలస్యం చేయకండి. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట మాట వెళ్ళకపోయినా మెసేజ్ వెళ్ళొచ్చు, కానీ ఆ సౌకర్యానికి ముందే నమోదు కావాలి. ఈ రోజే 999కి 'రిజిస్టర్' అని ఇంగ్లీషులో మెసేజ్ పంపి, వచ్చిన సూచనల ప్రకారం చేయండి. ఊళ్ళో ఉండే ఒక ఫ్రెండ్‌కి ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి ఫోన్ చేస్తారో చెప్పి వెళ్ళండి.

సరిహద్దు దాటడం

దీని గురించి మీరు కంగారు పడ్డట్టున్నారు. ఏ ఇబ్బందీ లేదు. రెండూ యునైటెడ్ కింగ్‌డమ్‌లోనే, ఒకే వీసా, కంచె దగ్గర అడిగేవాళ్ళే ఉండరు.

నడిచే హక్కుల చట్టాలు మాత్రం కంచెకి అటూ ఇటూ వేరు. ఇంగ్లండ్ వైపు 2000 నాటి చట్టం ప్రకారం, మ్యాప్‌లో లేత పసుపు రంగు వేసిన కొండ భూముల్లో బాట వదిలి కూడా నడవొచ్చు, కానీ యజమాని అనుమతి లేకుండా టెంట్ వేయకూడదు. స్కాట్లాండ్ వైపు 2003 నాటి చట్టం హక్కు ఇంకా విశాలంగా ఇచ్చింది, బాధ్యతగా ఉంటే చాలా చోట్ల టెంట్ కూడా వేసుకోవచ్చు. మీ ఒక్కరోజు నడకకి తేడా ఏమీ ఉండదు. ఎటు వైపైనా గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి. తెరిచి ఉంటే తెరిచే ఉంచండి, గొర్రెలు నీళ్ళకి వెళ్ళడానికి రైతు అలా పెట్టి ఉంటాడు.

బాబుకి చెప్పడానికి కథ కావాలంటే శిఖరం మీదే ఉంది. పైన పెద్ద రాళ్ళ కుప్ప కనిపిస్తుంది, రసెల్స్ కెయిర్న్ అంటారు. అది కంచు యుగపు సమాధి, రాళ్ళు లాగనివ్వకండి. పేరు మాత్రం చాలా తర్వాత వచ్చింది. పదహారో శతాబ్దంలో సరిహద్దుకి రెండు వైపులా రీవర్లనే దోపిడీ కుటుంబాలు ఉండేవి. రాత్రికి రాత్రి కొండ దాటి అవతలివాళ్ళ పశువుల్ని తోలుకొచ్చేవారు. ఆ తగవులు తీర్చడానికి రెండు రాజ్యాల సరిహద్దు అధికారులు ఒక సంధి రోజు పెట్టుకుని కొండ మీద కలిసేవారు. 1585 జూలైలో హెక్స్‌పెత్‌గేట్ దగ్గర అలాంటి సమావేశంలోనే గొడవ రేగి లార్డ్ ఫ్రాన్సిస్ రసెల్ చనిపోయాడు, రాళ్ళ కుప్పకి ఆ పేరే వచ్చింది. 1603లో స్కాట్లాండ్ రాజే ఇంగ్లండ్‌కి కూడా రాజయ్యాక రీవర్లని అణిచేశారు. ఇప్పుడు అంత ప్రశాంతంగా ఉన్న చోటు ఒకప్పుడు రాత్రిపూట నిద్రపట్టని చోటు. ఆ రాళ్ళ చాటున కూర్చుని తింటూ ఈ కథ చెప్తే పిల్లలు కదలకుండా వింటారు, గాలి నుంచి కాస్త అడ్డు కూడా దొరుకుతుంది.

పిడుదులు, పశువులు

ముదురు ఫెర్న్ పొదలు, ఇక్కడ బ్రాకెన్ అంటారు, అందులోంచి నడిస్తే పిడుదులు పట్టుకుంటాయి. అక్టోబరులో కూడా ఉంటాయి. ప్యాంటు అంచులు సాక్సులో దోపుకోండి. ఇంటికొచ్చాక బాబు మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టు అంచుల్లో చూడండి. కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా పైకి లాగండి, నలపకండి, కాల్చకండి, నూనె రాయకండి. తర్వాతి వారాల్లో, మూడు నెలల లోపు ఎప్పుడైనా, ఎర్రటి వలయంలా దద్దురు వచ్చినా, జ్వరంగా అనిపించినా, పిడుదు కుట్టిందని డాక్టరుకి చెప్పండి. పిడుదుల వల్ల వచ్చే లైమ్ వ్యాధి అయితే మొదట్లో మందులతో బాగా తగ్గుతుంది.

దూడలతో ఉన్న ఆవులు కనిపిస్తే మన ఊరి ఆవుల్లా సాధువులనుకోవద్దు. తల్లికీ దూడకీ మధ్యలోంచి ఎప్పుడూ వెళ్ళకండి, దూరంగా చుట్టి వెళ్ళండి.

వాతావరణం కుదరకపోతే

సెలవుల్లో ఉన్నది ఒకే రోజు, ఆ రోజే మబ్బు దిగింది అనుకోండి. అప్పుడు కోకెట్ లోయకి కాకుండా కర్క్‌న్యూటన్ వైపు వెళ్ళి యెవరింగ్ బెల్ ఎక్కండి. 361 మీటర్లే, మబ్బు చాలాసార్లు అంత కిందకి రాదు. మూడు గంటల్లో అయిపోతుంది. పైన ఇనుప యుగపు కోట గోడ కూలిన రాళ్ళు కొండ తల చుట్టూ వలయంలా ఉన్నాయి, లోపల వందకు పైగా గుండ్రటి ఇళ్ళ ఆనవాళ్ళు. అడవి మేకలు తిరుగుతుంటాయి, పొడవాటి జుట్టు, వెనక్కి వంగిన కొమ్ములు. కొండ కింద పొలంలో ఏడో శతాబ్దపు ఆంగ్లో శాక్సన్ రాజుల నివాసం ఉండేది. గోడ మీద రాళ్ళు ఊగుతాయి కాబట్టి దాటేటప్పుడు బాబు చెయ్యి పట్టుకోండి. అక్కడా పైన గాలి ఎక్కువే, పైన చెప్పిన బట్టలే కావాలి.

వెళ్ళేముందు రోజు రాత్రి వాతావరణ సూచన చూసి, అందులో మబ్బు ఎత్తు, గాలి వేగం ఇక్కడ రాయండి. రెండు కొండల్లో ఏది మంచిదో చెప్తాను.